తక్కువ బడ్జెట్‌లో హాలో బాడీ ఎలక్ట్రిక్ గిటార్: కొనడం దగ్గర నుంచి కండిషన్‌లో పెట్టుకునే దాకా

కర్నూలు, అనంతపురం, కడప వైపు ఎలక్ట్రిక్ గిటార్ పట్టేవాళ్లలో ఎక్కువమంది చర్చిలో ఆదివారం ఆరాధనకో, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాకో వాయిస్తారు. చేతుల్లో కనిపించేవి దాదాపు అన్నీ సాలిడ్ బాడీలే, అంటే లోపల డొల్ల లేని గట్టి చెక్కవే. వయొలిన్‌కు ఉన్నట్టు ఎఫ్ ఆకారపు రంధ్రాలు, లోపల డొల్ల, గుండ్రటి మెత్తని నాదం ఉన్న హాలో బాడీ మీద మోజు మాత్రం చాలామందికి ఉంది. మన ఊళ్లలో దాన్ని పట్టి చూసే వీలు తక్కువ కాబట్టి ఫోన్‌లో వీడియోలు చూసి ఆర్డర్ పెట్టేస్తారు. వచ్చాక బ్రిడ్జి (ఒంటి మీద తీగలు ఆనే ఆధారం) జారిందనో, చర్చి స్పీకర్ల ముందు కూత పెడుతోందనో మూలన పడేస్తారు. కొందరు ఆ కోపంలో పికప్‌లు (తీగల కంపనాన్ని కరెంటు సిగ్నల్‌గా మార్చే భాగాలు) మార్చడానికి ఇంకో పది వేలు పోస్తారు. సమస్య అక్కడ ఉండదు.

ఈ వ్యాసంలో తక్కువ బడ్జెట్ అంటే సుమారు 30 వేల నుంచి 60 వేల దాకా అనుకోండి. ఈ ధరలో వచ్చే గిటార్లలో చెక్క పని ఇప్పుడు బాగానే ఉంటోంది. ఫ్యాక్టరీవాళ్లు తొందరపడేది సెటప్‌లో (మెడ, తీగల ఎత్తు, శ్రుతి కుదర్చడం), నట్‌లో (మెడ పై చివర తీగలు కూర్చునే గాళ్ల ముక్క), వైరింగ్‌లో. అందుకే డబ్బు పెట్టే వరుస ముఖ్యం. ముందు సరైన రకం ఎంచుకోవాలి. తర్వాత తీగలు, బ్రిడ్జి, నట్ చూసుకోవాలి. వైరింగ్ ఆ తర్వాత. పికప్‌ల సంగతి, అవసరం ఉంటేనే, ఆఖరున.

ముందు తేలాల్సింది: పూర్తి డొల్లా, మధ్యలో దిమ్మ ఉన్నదా

ఎఫ్ రంధ్రాలు ఉన్న ప్రతి గిటారూ ఒకటి కాదు. గిబ్సన్ కంపెనీ 1936లో తెచ్చిన ఈఎస్-150 పూర్తి డొల్ల గిటార్. చార్లీ క్రిస్టియన్ అనే గిటారిస్టు దాని మీద జాజ్ సోలోలు వాయించాకే ఎలక్ట్రిక్ గిటార్‌కు బ్యాండులో ముందు వరుస దక్కింది. డొల్ల గిటార్‌ను పెద్ద సౌండ్‌తో వాయిస్తే స్పీకర్ నుంచి వచ్చే శబ్దానికి పై చెక్క కంపించి ఫీడ్‌బ్యాక్ మొదలవుతుంది. దానికి విరుగుడుగా అదే కంపెనీ 1958లో ఈఎస్-335 తెచ్చింది. అందులో పక్కల రెండు రెక్కలూ డొల్లే, నడుమ మాత్రం మెడ నుంచి కింది అంచు దాకా ఒక చెక్క దిమ్మ ఉంటుంది. దాన్నే సెంటర్ బ్లాక్ అంటారు, ఆ గిటార్లను సెమీ హాలో అంటారు.

ఎక్కడ వాయిస్తారో దాన్ని బట్టే ఎంచుకోండి. డ్రమ్స్, కీబోర్డ్, స్టేజి మానిటర్లు ఉన్న చోట, అంటే చర్చి బ్యాండ్, ఆర్కెస్ట్రా, కాలేజీ ఫెస్ట్ లాంటి వాటికి సెమీ హాలోనే తీసుకోండి. ఇంట్లో, రికార్డింగ్‌లో, చిన్న గదిలో ఒకరిద్దరు గాయకులకు తోడుగా వాయించేవాళ్లకు పూర్తి డొల్ల బాగుంటుంది. ఆంప్ లేకుండా రాత్రిపూట సాధన చేసినా మీకు వినబడేంత శబ్దం వస్తుంది, పక్కింటివాళ్లు తలుపు తట్టరు. రెండూ ఒకే గిటార్‌లో కావాలంటే సెమీ హాలోతో సర్దుకోవచ్చు. పూర్తి డొల్లను మాత్రం పెద్ద స్టేజికి సర్దడం కష్టం.

అమ్మేవాడు చెప్పిన మాట పట్టుకోకుండా మీరే చూసుకోవచ్చు. ఫోన్ టార్చి వేసి ఎఫ్ రంధ్రంలోంచి మధ్యకు చూడండి. అడ్డంగా చెక్క గోడ కనిపిస్తే సెంటర్ బ్లాక్ ఉన్నట్టు. అవతలి ఎఫ్ రంధ్రం నుంచి వెలుతురు వస్తే పూర్తి డొల్ల. అదే చూపులో రంధ్రం అంచును కూడా గమనించండి, పొరలు పొరలుగా ప్లైవుడ్‌లా కనిపిస్తుంది. దానికి కంగారు పడొద్దు. 1949లో వచ్చి జాజ్ గిటార్లలో పేరు మోసిన ఈఎస్-175 కూడా పొరల మేపుల్‌తో చేసిందే. పైగా మన ఎండలకు ఒకే పలక చెక్క కంటే పొరల చెక్కే పగుళ్లు రాకుండా నిలుస్తుంది.

ఏ మోడల్ వైపు చూడాలి

ఐబనెజ్ 2002 నుంచి తెస్తున్న ఆర్ట్‌కోర్ వరుస ఈ ధరలో మొదట చూడాల్సింది. పేరులో ఏఎఫ్ ఉంటే పూర్తి డొల్ల (ఏఎఫ్55, ఏఎఫ్75), ఏఎస్ ఉంటే సెమీ హాలో (ఏఎస్53, ఏఎస్73). గ్రెచ్ కంపెనీ స్ట్రీమ్‌లైనర్ వరుసలో జీ2420 పూర్తి డొల్ల, జీ2622 సెంటర్ బ్లాక్ ఉన్నది. ఎపిఫోన్ డాట్ 335 తరహా సెమీ హాలో. ఎపిఫోన్ కసీనో చూడటానికి డాట్‌లాగే పలచగా ఉంటుంది కానీ లోపల పూర్తి డొల్ల, పికప్‌లు కూడా పీ-90 అనే సింగిల్ కాయిల్ (ఒకే తీగచుట్ట) రకం. ఆకారం చూసి ఈ రెండూ ఒకటే అనుకుని సెకండ్ హ్యాండ్‌లో బేరం ఆడేవాళ్లున్నారు, జాగ్రత్త.

రెండు మోడళ్ల మధ్య ఊగిసలాడుతుంటే ఖరీదైనదాని వైపు సాగకండి. తక్కువ ధరది కొని, మిగిలిన ఐదారు వేలు సెటప్‌కు ఉంచుకోండి. 35 వేల గిటార్ మంచి సెటప్‌తో ఉంటే, సెటప్ లేని 50 వేల గిటార్ కంటే చేతికి హాయిగా ఉంటుంది.

కొనే రోజు

కర్నూలు నుంచి హైదరాబాదు, అనంతపురం నుంచి బెంగళూరు రెండూ జాతీయ రహదారి 44 మీదే, పొద్దున వెళ్లి రాత్రికి తిరిగొచ్చే దూరం. కడపవాళ్లకు చెన్నై, బెంగళూరు రెండూ అందుబాటే. హాలో బాడీ మొదటిసారి కొంటున్నవాళ్లు ఆ బస్సు చార్జీ గురించి ఆలోచించొద్దు. పూర్తి డొల్ల గిటార్ లోతు ఒళ్లో పెట్టుకుంటేగానీ తెలియదు. కుడి భుజం పైకి లేచి పది నిమిషాలకే నొప్పి పుడితే ఎంత మంచి నాదమైనా పనికిరాదు.

బయలుదేరే ముందు దుకాణానికి ఫోన్ చేసి ఆ మోడల్ డిస్‌ప్లేలో ఉందో లేదో అడగండి. వెబ్‌సైట్‌లో ఉన్నదంతా షాపులో ఉండదు. అక్కడికి వెళ్లాక వాళ్ల దగ్గర ఉన్న అతి పెద్ద ఆంప్‌కు కాకుండా, మీరు రోజూ వాడేలాంటి చిన్న ఆంప్‌కు, ఎఫెక్ట్స్ ఏమీ లేకుండా పెట్టించుకోండి. రివర్బ్ అన్ని లోపాలనూ కప్పేస్తుంది.

సెకండ్ హ్యాండ్ అయితే మరీ జాగ్రత్త. "అన్నా, లాస్ట్ ఎంత?" అనే ముందు ఇవి చూడండి. నట్ వెనకాల, మెడ తలకట్టుగా మారే చోట వెనక వైపు టార్చి పక్కగా వేసి చూస్తే అతికించిన పగులు గీతలా కనిపిస్తుంది. వాలు తలకట్టు ఉన్న గిటార్లు వెల్లకిలా పడితే విరిగేది అక్కడే. తర్వాత బ్రిడ్జి కింద పై చెక్క కుంగిందేమో పక్క నుంచి కంటి మట్టంలో చూడండి. కుంగిన గిటార్ ఎంత చవకగా ఇచ్చినా వద్దు. మెడ ఒంటితో కలిసే చోట వెంట్రుకంత సందు ఉన్నా వద్దు. బ్రిడ్జి చక్రాలు పూర్తిగా కిందికి దించి ఉండి కూడా తీగలు ఎత్తుగా ఉంటే మెడ కోణం పోయినట్టే, అది ఇంట్లో అయ్యే రిపేరు కాదు.

అరిగిన ఫ్రెట్లు (మెడ మీది అడ్డ లోహపు కడ్డీలు), గరగరలాడే నాబ్‌లు, వదులైన జాక్ మాత్రం భయపడాల్సినవి కావు. బేరానికి బాగా పనికొస్తాయి. ఒక్క విషయం: పికప్ స్విచ్ మధ్యలో పెట్టినప్పుడు రెండు పికప్‌లూ కలిసి శబ్దం నిండుగా రావాలి. ముక్కుతో మాట్లాడినట్టు పలచగా వస్తే ఒక పికప్ వైర్లు తిరగేసి వేసినట్టు. ఎవరో లోపల చెయ్యి పెట్టారని దానర్థం.

ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే పెట్టె విప్పడం మొదటి నుంచి చివరి దాకా వీడియో తీయండి. బ్రిడ్జి విడిగా కవర్లో కనిపిస్తే విరిగిందని గోల పెట్టకండి. చాలా పూర్తి డొల్ల గిటార్లలో బ్రిడ్జి జిగురుతోనో మరలతోనో అతికి ఉండదు, తీగల ఒత్తిడితోనే నిలబడుతుంది. అందుకే ప్రయాణంలో పై చెక్క గీరుకోకుండా తీసి పంపుతారు. వేసవిలో పార్సిల్ వస్తే పెట్టెను వెంటనే కోయకుండా కొన్ని గంటలు గదిలో ఉంచి, చెక్క గది వేడికి సర్దుకున్నాక విప్పండి.

మొదటి పని: తీగలు, బ్రిడ్జి

సాలిడ్ బాడీ నుంచి వచ్చినవాళ్లకు 9 లేదా 10 గేజ్ తీగలు (అంకె పెరిగితే తీగ లావు) అలవాటు. కదిలే బ్రిడ్జి మీద అవి వేస్తే బ్రిడ్జిని అదిమి పట్టేంత బరువు చాలదు. గట్టిగా కొడితే బ్రిడ్జి పక్కకు జరుగుతుంది, శబ్దం కూడా పీలగా ఉంటుంది. 11 నుంచి మొదలయ్యే సెట్ వేయండి. పాత పాటల మెత్తని నాదం కావాలంటే ఫ్లాట్ వూండ్ తీగలు మంచివి. చుట్టు నున్నగా ఉంటుంది కాబట్టి వేళ్లు జారినప్పుడు కీచు రాదు, చెమట చేతులకు కూడా చాలాకాలం నిలుస్తాయి. ధర ఎక్కువే. తీగలు బాగా వంచి వాయించేవాళ్లు సెమీ హాలోలో 10 గేజ్ దగ్గరే ఆగొచ్చు.

తీగలు మార్చేటప్పుడు అన్నీ ఒకేసారి విప్పొద్దు. పెయింట్ అంగట్లో దొరికే మాస్కింగ్ టేపు బ్రిడ్జి నాలుగు మూలలా అతికించి గుర్తు పెట్టుకుని, ఒక్కో తీగ విప్పుతూ ఒక్కోటి వేస్తూ పోండి.

ఇప్పుడు నేను అన్నిటికంటే ఎక్కువ విలువ ఇచ్చే పని. బ్రిడ్జి కింది పీఠం గిటార్ వంపుకు సరిగ్గా అతుక్కుని కూర్చుందా? ఒక పలచని కాగితం తీసుకుని పీఠం అంచుల కింద దూర్చి చూడండి. చవక గిటార్లలో తరచుగా రెండు చివర్లూ ఆని, నడుమ గాలి ఉంటుంది, లేదంటే నడుమ ఆని చివర్లు లేస్తాయి. తీగ కంపనం పై చెక్కకు చేరేది ఈ పీఠం ద్వారానే. ఆనని చోట నాదం పోతుంది, కొన్ని స్వరాల దగ్గర జిర్రుమంటుంది.

సరిచేసే పద్ధతి ఇది. ఈ పనికి మాత్రం తీగలన్నీ తీసి, బ్రిడ్జి ఉండే చోట గిటార్ మీద మాస్కింగ్ టేపు పరిచి, దాని మీద 150 నంబర్ ఉప్పు కాగితాన్ని గరుకు పైకి ఉండేలా అతికించండి. బ్రిడ్జి పై భాగాన్ని చక్రాలతో సహా తీసేసి చెక్క పీఠాన్ని ఆ కాగితం మీద పెట్టి, మెడ వైపుకూ తోక వైపుకూ చిన్నగా ముందుకు వెనక్కు రుద్దండి. గిటార్ వంపే పీఠానికి అచ్చు పోస్తుంది. పెన్సిల్‌తో పీఠం అడుగున అడ్డగీతలు గీసి మొదలుపెడితే ఏ గీతలు చెరిగాయో, ఏవి మిగిలాయో చూసి ఎక్కడ ఆనుతోందో తెలుస్తుంది. అన్ని గీతలూ చెరిగాక 320 కాగితంతో నునుపు చేసి ఆపేయండి. కాగితాల ఖర్చు పెద్దగా ఏమీ ఉండదు, మార్పు మాత్రం చెవికి తెలుస్తుంది. స్టేజి మీద బ్రిడ్జి జరుగుతుందన్న టెన్షన్ ఉంటే పీఠం రెండు చివర్ల కింద గోరంత పలచని డబుల్ సైడ్ టేపు ముక్కలు చాలు. బ్రిడ్జి మేకులతో బిగించి ఉన్న మోడల్ అయితే ఈ పనంతా అక్కర్లేదు.

ఇంటొనేషన్, అంటే మెడ పొడవునా శ్రుతి కుదిరేలా సరిచేయడం కూడా ఇప్పుడే. శ్రుతి చూపించే ట్యూనర్ మీటర్ పెట్టి 12వ ఫ్రెట్ మీద హార్మోనిక్ (తీగను నొక్కకుండా వేలు తాకించి) వాయించండి, తర్వాత అదే ఫ్రెట్ నొక్కి వాయించండి. నొక్కినప్పుడు శ్రుతి ఎక్కువ చూపిస్తే బ్రిడ్జిని మెడకు దూరంగా జరపాలి, తక్కువ చూపిస్తే దగ్గరికి. ముందు లావు ఈ (E), సన్న ఈ (E) తీగలు రెండింటికీ మొత్తం బ్రిడ్జిని జరిపి కుదర్చండి, మిగతావి బ్రిడ్జి మీద ఒక్కో తీగ ఆనే సాడిల్ మరలతో. జరిపే ప్రతిసారీ తీగలు కాస్త వదులు చేయండి, లేకపోతే పాలిష్ మీద గీతలు పడతాయి.

మెడ, యాక్షన్ (తీగల ఎత్తు)

తీగ మందం మార్చారు కాబట్టి మెడ మీద లాగుడు పెరిగింది. లావు ఈ తీగను మొదటి ఫ్రెట్ దగ్గర, మెడ ఒంటితో కలిసే ఫ్రెట్ దగ్గర ఒకేసారి నొక్కి, 7వ ఫ్రెట్ మీద సందు ఎంతుందో చూడండి. సుమారు 0.25 మిల్లీమీటర్లు ఉండాలి. కొలవడానికి బైక్ మెకానిక్‌లు టాపెట్ సెట్ చేసే ఫీలర్ గేజ్ సరిగ్గా సరిపోతుంది. సందు ఎక్కువుంటే ట్రస్ రాడ్ (మెడ లోపలి లోహపు కడ్డీ) నట్టును కుడివైపుకు, తక్కువుంటే ఎడమవైపుకు తిప్పాలి. ఒకసారికి పావు చుట్టు మించొద్దు. తిప్పాక మళ్లీ శ్రుతి చేసి చూడండి. బలం పెట్టాల్సి వస్తే ఆపేసి తెలిసినవాళ్లకు చూపించండి.

ఆ తర్వాతే బ్రిడ్జి చక్రాలు తిప్పి ఎత్తు కుదర్చాలి. 12వ ఫ్రెట్ దగ్గర లావు ఈ తీగ కింద 2 మిల్లీమీటర్లు, సన్న ఈ కింద 1.5 మిల్లీమీటర్లు మంచి మొదలు. చెయ్యి బరువుగా కొట్టేవాళ్లు కాస్త ఎత్తుగా పెట్టుకోవచ్చు. మెడ చూడకుండా ముందే బ్రిడ్జి దించేవాళ్లు ఎక్కువ, దాంతో ఫ్రెట్లు బజ్ అంటాయి, చివరికి గిటార్ మంచిది కాదని తేలుస్తారు.

శ్రుతి నిలవకపోతే నట్ చూడండి, తలకట్టు మీది ట్యూనర్ మరలు కాదు

శ్రుతి చేస్తున్నప్పుడు తీగ "టింగ్" మని ఒక్కసారిగా దూకితే నట్ గాడిలో ఇరుక్కుంటున్నట్టు. 10 గేజ్‌కు కోసిన గాడిలో 12 గేజ్ తీగ వేస్తే మరీ ఎక్కువ. ముందుగా మెత్తని పెన్సిల్ ములుకు గాళ్లలో రుద్ది చూడండి. తగ్గకపోతే గాడిని వెడల్పు చేయాలి లేదా నట్ మార్చాలి. గాడి లోతు సంగతికి ఒక పరీక్ష ఉంది: తీగను రెండో ఫ్రెట్, మూడో ఫ్రెట్ల మధ్య నొక్కితే మొదటి ఫ్రెట్ మీద కాగితమంత సందు కనిపించాలి. అంతకంటే ఎక్కువైతే మొదటి పొజిషన్‌లో ఎఫ్ కార్డ్ వేయడానికే వేలు నొప్పి పుడుతుంది, ఆ నొక్కుడుకు శ్రుతి కూడా పెరుగుతుంది. ఎముక నట్ చెక్కించుకోవడం ఈ బడ్జెట్ గిటార్‌కు చేయగల మంచి ఖర్చు. నట్ ఆకురాళ్లు లేకుండా ఇంట్లో మొదలుపెట్టకండి, హైదరాబాదుకో బెంగళూరుకో వెళ్లినప్పుడు గిటార్ టెక్నీషియన్ చేత చేయించండి. ఫ్రెట్ చివర్లు గుచ్చుకుంటుంటే అవీ అప్పుడే రాయించండి.

ట్యూనర్లు నిజంగా జారుతుంటేనే మార్చండి. కొనేముందు తలకట్టు రంధ్రం 8 మిల్లీమీటర్లా, 10 మిల్లీమీటర్లా, వెనక మర ఎక్కడుంది అని కొలుచుకోండి. కుదరకపోతే కొత్త రంధ్రాలు వేయాల్సి వస్తుంది.

ఫీడ్‌బ్యాక్: ఏ రకమో వినండి

రెండు రకాల కూతలున్నాయి, మందు వేరు. సన్నగా విజిల్ వేసినట్టు వస్తే అది పికప్ లోపలి తీగచుట్ట కంపించడం, మైనం పట్టించని చవక పికప్‌లలో వస్తుంది. అదొక్కటే పికప్ మార్చడానికి న్యాయమైన కారణం. "గుయ్యి..."మని లావుగా ఉబ్బుతూ వస్తే అది గిటార్ ఒళ్లు కంపించడం. దానికి ఎంత ఖరీదైన పికప్ వేసినా పోదు.

లావు కూతకు ముందు నిలబడే చోటు మార్చండి. గిటార్ ముఖం స్పీకర్ వైపు కాకుండా పక్కకు తిరగండి, మీ ఒళ్లు అడ్డం ఉండేలా చూసుకోండి. తర్వాత సోఫాలు కుట్టే అంగట్లో నల్ల ఫోమ్ అడిగి తెచ్చి, ఎఫ్ రంధ్రం ఆకారానికి రవ్వంత పెద్దగా కత్తిరించి బిగుతుగా కూర్చోబెట్టండి. దూరం నుంచి చూస్తే కనిపించదు, తీసేస్తే మచ్చ ఉండదు. బ్లూస్ గిటారిస్టు బీ.బీ.కింగ్ పేరు మీద గిబ్సన్ చేసిన లుసీల్ మోడల్‌కు ఎఫ్ రంధ్రాలే ఉండవు, కారణం ఇదే. అప్పటికీ తగ్గకపోతే మిక్సర్ మీద 100 నుంచి 200 హెర్ట్జ్ మధ్య ఏ చోట తగ్గిస్తే కూత ఆగుతుందో వెతికి అక్కడ మాత్రం కొద్దిగా కోయమనండి. సౌండ్ తమ్ముడు బేస్ మొత్తం తీసేస్తానంటే ఒప్పుకోవద్దు, అప్పుడు హాలో బాడీ ఎందుకు తెచ్చినట్టు?

బ్రిడ్జి వెనకాల తోక దాకా ఉన్న తీగ ముక్కలు కూడా మోగుతాయి. వాటి మధ్య జడకు వేసే మెత్తని బ్యాండ్ ఒకటి అల్లి వదిలేస్తే ఆ గలగల ఆగుతుంది.

వైరింగ్: ఓపిక ఉంటేనే

గరగరకు ముందు కాంటాక్ట్ క్లీనర్ ప్రయత్నించండి. సన్న గొట్టంతో ఎఫ్ రంధ్రంలోంచి పాట్ (నాబ్ కింద ఉండే పొటెన్షియోమీటర్) సందులోకి కొట్టి నాబ్‌ను అటూ ఇటూ చాలాసార్లు తిప్పితే సగం కేసులు అక్కడే తీరతాయి. తలుపు బందులకు కొట్టే స్ప్రే వాడకండి. జాక్ వదులైతే బయట నట్టు మాత్రమే తిప్పకండి. లోపల జాక్ మొత్తం తిరిగి వైరు మెలిపడి తెగుతుంది. జాక్ రంధ్రంలోకి బిగుతైన స్క్రూడ్రైవర్ దూర్చి కదలకుండా పట్టుకుని అప్పుడు బిగించండి.

పాట్‌లు మార్చాల్సిందే అనుకుంటే, హంబకర్ (రెండు తీగచుట్టల) పికప్‌లకు 500కే (కే అంటే వెయ్యి ఓమ్‌లు), సింగిల్ కాయిల్‌కు 250కే సాధారణ లెక్క. పీ-90లకు మాత్రం 500కే వాడటమే ఎక్కువ. ఆసియా పాట్‌ల మీద ఏ500కే అంటే చెవికి తగ్గ ఆడియో టేపర్, బీ500కే అంటే లీనియర్. రేడియో రిపేరు అంగళ్లలో ఎక్కువగా దొరికేది బీ రకం, వాల్యూమ్‌కు ఏ అడిగి తీసుకోండి. టోన్ కెపాసిటర్ మీద 223 అని ఉంటే 0.022 మైక్రోఫారడ్, 473 అంటే 0.047. హాలో బాడీ మెడ పికప్ ఇప్పటికే లావుగా ఉంటుంది కాబట్టి 223 చాలు. వాల్యూమ్ తగ్గించగానే శబ్దం మూతపడినట్టు అవుతుంటే, వాల్యూమ్ పాట్‌కు సిగ్నల్ లోపలికి వచ్చే కాలికీ బయటకు వెళ్లే కాలికీ మధ్య 102 కెపాసిటర్, 150కే రెసిస్టర్ పక్కపక్కన కలిపి వేయండి.

కొనేముందు రెండు కొలతలు చూసుకోండి. ఈ గిటార్లలో పాట్ రంధ్రాలు చిన్నవి. పెద్ద అమెరికన్ తరహా పాట్‌లకు 9.5 మిల్లీమీటర్ల రంధ్రం కావాలి. ఇంకోటి, కొత్త పాట్ ఎఫ్ రంధ్రంలో పడుతుందా? పడకపోతే చిన్న 16 మిల్లీమీటర్ల పాట్‌లే తీసుకోండి. పై చెక్కకు డ్రిల్లు పెట్టడం నాకు ఇష్టం లేదు, పాలిష్ పెచ్చు లేస్తే మళ్లీ రాదు.

వెనక మూత ఉండదు కాబట్టి అన్నీ ఎఫ్ రంధ్రంలోంచే బయటకు రావాలి, మళ్లీ అక్కడి నుంచే లోపలికి వెళ్లాలి. పని సాగే తీరు ఇలా ఉంటుంది.

ముందు ఫోటోలు తీసి, ఏ రంగు వైరు ఎక్కడికి వెళ్తుందో కాగితం మీద గీసుకోండి. నాబ్‌లు తీశాక వాటి రంధ్రాలను కాగితం మీద అచ్చు తీసి అట్టముక్కకు ఎక్కించి రంధ్రాలు చేయండి. కొత్త పాట్‌లను ఆ అట్ట మీద బిగించి బయటే సోల్డరింగ్ పూర్తి చేయొచ్చు, వైర్ల పొడవు కూడా సరిగ్గా వస్తుంది. పాత పాట్ నట్టు విప్పే ముందే దాని కడ్డీకి చేపల అక్వేరియం గాలి గొట్టం ముక్క తొడగండి, జాక్‌కు నైలాన్ దారం కట్టండి. అప్పుడే లోపలికి నెట్టాలి. గొట్టం బయట వేలాడుతుంటే తిరుగు దారి పోదు. పాతవి విప్పి ఆ గొట్టాలే కొత్తవాటికి మార్చండి. పాట్ వెనక ఎర్త్ వైరు అతికించడానికి 25 వాట్ల ఐరన్ చాలదు, 40 వాట్లది తీసుకుని త్వరగా అతికించి తీసేయండి. లోపలికి పంపే ముందు కేబుల్ పెట్టి, పికప్ మీద స్క్రూడ్రైవర్‌తో మెల్లగా తట్టి ప్రతి నాబ్, స్విచ్ పనిచేస్తుందో చూడండి. ఈ పరీక్ష మానేస్తే మొత్తం మళ్లీ లాగాల్సిందే. ఆఖరున, తోక నుంచి వచ్చే సన్న ఎర్త్ వైరు తెగలేదని నిర్ధారించుకోండి.

పికప్ మార్చేవాళ్లకు రెండే మాటలు. పాతదాని పొడవు, వెడల్పు, మరల మధ్య దూరం కొలవకుండా ఆర్డర్ పెట్టొద్దు. కంపెనీని బట్టి వైరు రంగుల అర్థం మారుతుంది, అంచనాతో అతికించొద్దు.

మిక్సర్, ఎర్తింగ్

మన దగ్గర చాలా చర్చిల్లో, స్టేజీల్లో గిటార్ ఆంప్ ఉండదు, కేబుల్ నేరుగా మిక్సర్‌లోకి పోతుంది. మామూలు లైన్ ఇన్‌పుట్ 10 వేల ఓమ్‌ల ప్రాంతంలో ఉంటుంది. పికప్‌కు కావాల్సింది 10 లక్షల ఓమ్‌ల దాకా ఉండే ఇన్‌పుట్. అందుకే శబ్దం చచ్చినట్టు, మసకగా వస్తుంది, నింద గిటార్ మీద పడుతుంది. హై-జెడ్ అని రాసి ఉన్న ఇన్‌పుట్‌లో పెట్టండి, లేదంటే మధ్యలో యాక్టివ్ డీఐ బాక్స్ (గిటార్ సిగ్నల్‌ను మిక్సర్‌కు తగ్గట్టు మార్చే పెట్టె) గానీ స్పీకర్ సిమ్యులేషన్ ఉన్న చిన్న మల్టీ ఎఫెక్ట్ గానీ పెట్టండి. పికప్‌లకు దాచిన డబ్బు ఇక్కడ పెడితే ఫలితం ఎక్కువ.

తీగలు తాకగానే హమ్ తగ్గితే గిటార్ ఎర్త్ బాగున్నట్టు. తీగలు పట్టుకుని మైకు దగ్గర పెదవి ఆనించగానే జివ్వుమంటే మాత్రం ఆ భవనంలోనో ఆంప్‌లోనో ఎర్తింగ్ తప్పు. హమ్ పోతుందని ఆంప్ ప్లగ్‌కు మూడో పిన్ తీసేసే అలవాటు మానండి, ప్రాణానికే ప్రమాదం. వెంటనే వాయించడం ఆపి ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి.

ఎండాకాలం

ఏప్రిల్, మే నెలల్లో కర్నూలులో 40 డిగ్రీలు దాటడం మామూలే, అనంతపురం గాలీ పొడే. గిటార్‌కు నప్పేది 45 నుంచి 55 శాతం తేమ. చిన్న డిజిటల్ తేమ మీటర్ కొని గిటార్ ఉండే గదిలో పెట్టండి. 40 కంటే కిందికి పడితే ఫ్రెట్‌బోర్డు కుంచించుకుపోయి ఫ్రెట్ చివర్లు బయటకు గుచ్చుకుంటాయి. ఆ రోజుల్లో గిటార్‌ను గోడకు తగిలించకుండా కేసులో పెట్టి, రంధ్రాలు చేసిన సబ్బు డబ్బాలో తడిపి గట్టిగా పిండిన స్పాంజి ఉంచండి. నీళ్లు చుక్క కూడా కారకూడదు. కూలర్ గాలి తగిలే చోట మాత్రం పెట్టొద్దు. ఎండలో ఆపిన కారులో వదిలేస్తే జిగురు మెత్తబడి మెడ కోణం మారుతుంది. వానలు మొదలయ్యాక చెక్క తేమ పీల్చుకుని యాక్షన్ పెరుగుతుంది కాబట్టి జూలైలో ఒకసారి, మళ్లీ ఎండలు ముదిరే ముందు మార్చిలో ఒకసారి ఫీలర్ గేజ్ తీసి మెడ చూసుకోండి.